బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఫోటో బూడిద పూసినట్టు ఎందుకొస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోవూరు దగ్గర పొలం గట్టు మీద మీ తాతయ్యను ఫోన్‌తో ఫోటో తీశారు. భుజాన ఎర్ర తువ్వాలు, వెనక పచ్చటి వరి. రంగులో బాగానే ఉంది, ఫొటోషాప్‌లో రంగు తీసేయగానే మాత్రం బూడిద పూసినట్టు చప్పగా అయిపోయింది, పాత ఫోటోల్లో ఉండే నిఖార్సైన నలుపు తెలుపు రాలేదు. వేరే సాఫ్ట్‌వేర్ వాడాలా, లేక కెమెరాలోనే బ్లాక్ అండ్ వైట్ పెట్టుకుని తీయాల్సిందా?

సాఫ్ట్‌వేర్‌లో లోపమేం లేదు, మీరు నొక్కిన బటన్ దగ్గరే తేడా వచ్చింది. డీశాచురేట్ (రంగు తీసేసే బటన్) నొక్కకండి, శాచురేషన్‌ను (రంగు గాఢతను) అడుగుదాకా లాగకండి. 'బ్లాక్ అండ్ వైట్' అని విడిగా ఒక అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, అది తీసుకుని ఏ రంగు ఎంత నల్లగా రావాలో మీరే చెప్పండి. ఫోటో ఎప్పుడూ రంగులోనే తీయండి. నా సమాధానం ఇంతే, మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నది. పెళ్లిళ్లు, పోర్ట్రెయిట్లు తీస్తూ పాతికేళ్లు దాటింది కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

రంగు ఫోటోలో ప్రతి చుక్కకీ మూడు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. ఆ మూడింటినీ ఒక్క అంకెగా మార్చడమే బ్లాక్ అండ్ వైట్, ఎలా మారుస్తామన్న దాంట్లోనే కిటుకంతా ఉంది. ఫొటోషాప్‌లో డీశాచురేట్ చేసే పని ఏంటంటే, మూడింట్లో పెద్ద అంకెనూ చిన్న అంకెనూ కూడి సగం చేస్తుంది, అంతే. మీ ఫోటో నా ముందు లేదు కాబట్టి ఉజ్జాయింపు అంకెలు వేసుకుందాం. ఎర్ర తువ్వాలు 200, 40, 40. ఎండ పడిన వరి 100, 160, 60. తాతయ్య మొహం, నీడ ఉన్న వైపు, 120, 80, 60. డీశాచురేట్ చేస్తే తువ్వాలు 120 అవుతుంది, వరి 110. కంటికి రెండూ ఒకటే, తువ్వాలు పోయి పొలంలో కలిసింది. మొహం 90, అదీ పెద్ద దూరంలో లేదు. మీకు కనిపించిన బూడిద ఇదే.

సరే, మోడ్ మెనూలోకి వెళ్లి గ్రేస్కేల్ చేద్దామంటారా? అది కాస్త తెలివైనదే. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా కనిపిస్తాయి కాబట్టి దాదాపు ఎరుపు 30 శాతం, ఆకుపచ్చ 59, నీలం 11 చొప్పున కలిపే లెక్కకు దగ్గరగా ఉంటుంది. ఆ లెక్కన వరి 131కి లేస్తుంది, బాగుంది. కానీ తువ్వాలు 88, మొహం 90! ఇందాక పొలంలో కలిసిన తువ్వాలు ఇప్పుడు మొహానికి అతుక్కుంది. ఏ సూత్రం పెట్టినా ఇలాంటి గొడవ ఒకటి ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఫోటోలో ఉన్నది మీ తాతయ్య అనీ, ఆయన తువ్వాలు విడిగా కనిపించాలనీ ఆ సూత్రానికి తెలీదు.

ఇప్పుడు ఒక్క ఆకుపచ్చ ఛానెల్‌నే, అంటే మూడు అంకెల్లో ఆకుపచ్చ అంకెను మాత్రమే చూడండి. తువ్వాలు 40, మొహం 80, వరి 160. మూడూ మూడు మెట్ల మీద నిలబడ్డాయి. అదే ఎరుపు ఛానెల్ అయితే తువ్వాలు 200కి లేచి చాకలి ఉతికిన తెల్ల తువ్వాల్లా మెరుస్తుంది, నీలం ఛానెల్ అయితే అంతా చీకటే. కాబట్టి పని మొదలెట్టే ముందు ఛానెల్స్ ప్యానెల్ తెరిచి మూడింటినీ విడివిడిగా చూడండి. ఒకే ఫోటోలో మూడు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు అప్పటికే తయారుగా ఉంటాయి, ఏది మీ మనసులో ఉన్నదానికి దగ్గరో అర నిమిషంలో తెలిసిపోతుంది. నేను ఇప్పటికీ ఇలాగే మొదలెడతాను.

పాత ఫోటోల సంగతి అడిగారు కాబట్టి ఒక ముచ్చట. నేను కందుకూరులో ఒక చిన్న స్టూడియోలో పని నేర్చుకున్నాను. డార్క్‌రూంలో ఎర్ర బల్బు వేసుకుని పేపరు కడిగేవాళ్లం. వెలుతురు తగిలితే పాడైపోయే పేపరు ఎర్ర బల్బు కింద ఎలా బతుకుతుంది అని మొదట్లో నాకు ఆశ్చర్యం. ఆ పేపరుకు ఎరుపు కనిపించదు, అందుకని బతుకుతుంది. బాగా పాత కాలపు ఫిల్ములకూ ఇంతే, ఎరుపు కనిపించేది కాదు. మీ ఇంట్లో ముత్తాతల నాటి ఫోటో ఉంటే చూడండి, నుదుటి మీద కుంకుమబొట్టు కాటుక పెట్టినట్టు నల్లగా ఉండే అవకాశం ఎక్కువ, పెదాలూ అంతే. మనం 'పాత లుక్' అని ఇష్టపడే దాంట్లో ఇది కొంత. తర్వాత అన్ని రంగులూ చూసే ఫిల్ములు వచ్చాక లెన్స్ ముందు రంగు గాజు ఫిల్టర్లు పెట్టేవారు. సూత్రం ఒక్కటే: ఫిల్టర్ తన రంగును తెల్లబరుస్తుంది, తనకు ఎదురు రంగును నల్లబరుస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే నీలాకాశం నల్లబడి మబ్బులు తెల్లగా లేస్తాయి, ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే ఆకులు తేలికవుతాయి, ఎరుపు ముదురుతుంది. అప్పట్లో ఫోటో తీయకముందే తేల్చుకోవాల్సిన విషయం అది. ఇప్పుడు తీసి ఇంటికొచ్చి, టీ తాగుతూ తేల్చుకోవచ్చు.

ఇక ఎలా చేయాలో చూద్దాం.

ఫొటోషాప్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్లలో బ్లాక్ అండ్ వైట్ అని ఉంటుంది, 2007లో వచ్చిన సీఎస్3 వెర్షన్ నుంచీ ఉంది. లేయర్‌గానే పెట్టండి, అప్పుడు కింద రంగు ఫోటో చెక్కుచెదరదు. ఆరు స్లైడర్లు కనిపిస్తాయి. తెరవగానే ఉండే అంకెలు (ఎరుపు 40, పసుపు 60, ఆకుపచ్చ 40, అలా) దేవుడిచ్చినవి కావు, ధైర్యంగా కదపండి. ఆ ప్యానెల్లోనే చెయ్యి బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కి ఫోటోలో తువ్వాలు మీద మౌస్ పెట్టి ఎడమకు లాగితే తువ్వాలు ముదురుతుంది, వరి మీద పెట్టి కుడికి లాగితే వరి తేలుతుంది. ఏ స్లైడర్ ఏదో గుర్తుపెట్టుకునే బాధ లేదు.

ఇక్కడే కొత్తవాళ్లు బోర్లా పడే చోటు ఒకటుంది. పొలం మనకు పచ్చగా కనిపిస్తుంది కానీ ఎండ పడిన వరిలో పసుపు పాలు చాలా ఎక్కువ. ఆకుపచ్చ స్లైడర్ ఎంత లాగినా పొలం సగమే కదులుతుంది, పసుపు స్లైడర్ ముట్టుకోగానే మొత్తం లేస్తుంది. కోతకొచ్చిన వరికైతే ఇంకా చెప్పక్కర్లేదు.

రెండో ఇబ్బంది, ఫొటోషాప్ ఆరు స్లైడర్లలో నారింజ లేదు. మన చర్మం రంగు, నలుపైనా చామనచాయైనా, ఎరుపుకీ పసుపుకీ మధ్య నారింజ దగ్గర ఉంటుంది. అందుకని తువ్వాలు కోసం ఎరుపు కిందికి లాగితే తాతయ్య మొహమూ నల్లబడుతుంది. లైట్‌రూమ్ ప్రోగ్రాంలోనో, ఫొటోషాప్‌తో పాటే వచ్చే కెమెరా రాలోనో ఎనిమిది స్లైడర్లుంటాయి, నారింజ విడిగా ఉంటుంది. ఎరుపు మైనస్ 40, నారింజ సున్నా, పసుపు ప్లస్ 20 దగ్గర మొదలెట్టి అక్కణ్ణుంచి కంటితో చూసుకుంటూ పోండి. మనుషుల ఫోటోలకు నేను ఇదే వాడతాను. ఆ ఆరు స్లైడర్లతోనే చేయాలంటే మొహం వరకు మాస్క్ చేసి (మార్పు మొహానికి మాత్రమే తగిలేలా మిగతాది కప్పి) రెండో బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టుకోవాలి, కాస్త చాకిరీ.

డబ్బు పెట్టలేమంటే గింప్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం ఉచితం. కలర్స్ మెనూలో డీశాచురేట్ కింద మోనో మిక్సర్ ఉంటుంది, ఆకుపచ్చ 1, మిగతా రెండూ 0 పెడితే పైన నేను చెప్పిన ఆకుపచ్చ ఛానెల్ ఫోటో వచ్చేస్తుంది. ఫోన్‌లోనే కానిచ్చేద్దామంటే స్నాప్‌సీడ్ యాప్ తీసుకోండి, బ్లాక్ అండ్ వైట్ టూల్‌లో రంగు ఫిల్టర్లు ఉంటాయి. మీ ఫోటోకి ఆకుపచ్చ ఫిల్టర్ వేసి చూడండి. తాతయ్య మొహం కొంచెం ముదిరితే సెలెక్టివ్ టూల్‌తో మొహం మీద చుక్క పెట్టి వెలుతురు పెంచుకోవచ్చు. నిజం చెప్పాలంటే మీ ఒక్క ఫోటో కోసమైతే స్నాప్‌సీడ్ చాలు, ఫొటోషాప్ నేర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఒకటి మాత్రం ముందే చేయండి: వెలుతురు, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా చేసే సెట్టింగ్) రంగులో ఉండగానే సరిచేసుకోండి. సాయంత్రం ఎండకు ఫోటో మొత్తం పసుపు తిరిగి ఉంటే అన్నీ ఒకే రంగు కిందికి వచ్చేస్తాయి, అప్పుడు స్లైడర్లు విడదీయలేవు. కాంట్రాస్ట్ మటుకు చివరికి ఉంచండి. చప్పగా ఉందని మొదటే కర్వ్స్ (కాంట్రాస్ట్ మార్చే టూల్) తీసి లాగేవాళ్లు చాలామంది, దాంతో పంచె తెల్లగా కాలిపోతుంది, మీసం నల్లగా పూడిపోతుంది, తువ్వాలూ పొలం మాత్రం ఇంకా కలిసే ఉంటాయి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. 2012 ప్రాంతంలో కావలిలో ఒక షష్టిపూర్తి. ఆల్బంలో 12×36 షీట్ ఒకటి మొత్తం బ్లాక్ అండ్ వైట్ పెడదామని నాకే బుద్ధి పుట్టింది. ఎక్కడో దొరికిన ప్రీసెట్ (స్లైడర్లు ముందే కదిపి ఉంచిన సెట్టింగ్) వేశాను, చర్మం నున్నగా వచ్చింది, మురిసిపోయి ప్రింట్‌కి పంపాను. ఆల్బం ఇచ్చిన రోజు రాత్రి వాళ్ల అబ్బాయి ఫోన్: "ఏందన్నా, మా అమ్మకు బొట్టు తీసేశావు? మా నాయన గుండ్రాయిలా ఉన్నాడు కదా!" వెళ్లి చూస్తే నిజమే. ప్రీసెట్‌లో ఎరుపు బాగా పైకి లాగి ఉంది, మొటిమలు, మచ్చలు పోయేది దాని వల్లే. వాటితో పాటు రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు నుదురుతో సమానమై ఆనవాలు లేకుండా పోయింది. పక్కనే కూర్చున్న ఇద్దరు పిన్నమ్మలకూ అంతే. ఆ అబ్బాయి వాళ్లమ్మ ఏమీ అనలేదు, షీటు వైపు చూసి ఆల్బం మూసేసింది, నాకు అది ఇంకా గుచ్చుకుంది. ఆ షీట్ నా డబ్బుతో మళ్లీ వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి మన ఆడవాళ్ల ఫోటో ఏది బ్లాక్ అండ్ వైట్ చేసినా నేను మొదట చూసేది బొట్టు. ఎరుపును కొంచెమైనా కిందికి తెస్తాను, బొట్టు నల్లగా, గుండ్రంగా కనపడాల్సిందే. పాపిట కుంకుమ, పారాణి పెట్టిన పాదాలు కూడా ఇదే లెక్క. పసుపు రాసిన పాదాల ఫోటో అయితే పసుపు స్లైడర్ పైకి లాగకండి, సున్నం కొట్టినట్టుంటాయి.

చర్మం గురించి ఇంకో మాట, ఎవరైనా నొచ్చుకున్నా సరే. నారింజ స్లైడర్ ప్లస్ 50కి లాగితే ఎవరైనా తెల్లగా వచ్చేస్తారు. పెళ్లిచూపుల ఫోటోలకు అదే కావాలని అడిగేవాళ్లున్నారు, చేసిచ్చేవాళ్లూ ఉన్నారు. తాతయ్య ఫోటోకి ఆ పని చేయకండి. ఎండలో వంగి పనిచేసిన మొహం మీద ముడతలు, మెడ దగ్గర గీతలు, చెంపల మీద నెరిసిన గడ్డం, ఇవి కనపడాలంటే చర్మం కొంచెం ముదురుగానే ఉండాలి, అప్పుడే తెల్ల గడ్డం ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేలా వస్తుంది. నేను పెద్దవాళ్లకు నారింజ సున్నా దగ్గరే ఉంచుతాను, ఒక్కోసారి మైనస్ 10. చిన్నపిల్లలకు ప్లస్ 10. అంతకు మించి ఎప్పుడూ పోలేదు.

ఆకాశం ఉన్న ఫోటోలకు అందరూ చేసేది నీలం స్లైడర్‌ను అడుగంటా లాగేయడం. మబ్బులు బ్రహ్మాండంగా వస్తాయి, మొదటి చూపుకు. దగ్గరికెళ్లి చూడండి. నెల్లూరులో రంగనాయకుల గుడి గాలిగోపురాన్ని పెన్న వైపు నుంచి తీసి ఇలాగే లాగాను ఒకసారి, గోపురం అంచు చుట్టూ సున్నంతో గీత గీసినట్టు తెల్ల అంచు వచ్చింది, ఆకాశమంతా రవ్వ పోసినట్టు చుక్కలు. కారణం ఉంది. చాలా కెమెరాల సెన్సర్ (వెలుగును పట్టే చిప్) మీద గళ్లలో సగం ఆకుపచ్చవి, పావు ఎరుపు, పావు నీలం. నీలం తరఫున సమాచారమే తక్కువ, దాన్ని అంత దూరం సాగదీస్తే చిరుగుతుంది. మైనస్ 30, 40 దగ్గర ఆపి, మిగతా చీకటి గ్రేడియంట్ మాస్క్‌తో (పై నుంచి కిందికి క్రమంగా తగ్గేలా) ఇవ్వండి. కొత్తపట్నం బీచ్‌లో మరో సరదా జరిగింది, ఆకాశం కోసం నీలం లాగితే నీలం పెయింటు వేసిన పడవ కూడా బొగ్గులా అయింది, అందులో కూర్చున్న మనిషి గాల్లో తేలుతున్నట్టున్నాడు! అదే మన ఒంగోలు గిత్తను పొద్దున పూట కింద నుంచి ఆకాశం వెనకొచ్చేలా తీస్తే మాత్రం నీలం కాస్త దించితే చాలు, తెల్లటి ఒళ్లు, బూడిద రంగు మూపురం చెక్కినట్టు లేచొస్తాయి.

మీరు ఫోన్‌తో తీశామన్నారు కదా, ఎడిట్ చేసేది ఒరిజినల్ ఫైలేనా, వాట్సాప్‌లో వచ్చినదా చూసుకోండి. జేపెగ్ సాధారణంగా వెలుగు వివరాలను పూర్తిగా దాచి, రంగు వివరాలను తక్కువ సైజులో దాచుకుంటుంది, రంగులో చూసినప్పుడు మన కన్ను ఆ తేడా పట్టదు. ఈ స్లైడర్లు కదిలేది రంగును బట్టే కాబట్టి అప్పుడు ఆ లోపమంతా బయటపడి తువ్వాలు అంచున చదరపు గళ్లు కనిపిస్తాయి. వాట్సాప్ దాన్ని మళ్లీ నొక్కేస్తుంది. ఎవరి దగ్గర్నుంచైనా ఫోటో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. మీ ఫోన్లో రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా అలాగే దాచే ఫైల్) తీసే వీలుంటే ఇంకా మంచిది.

కెమెరాలోనే బ్లాక్ అండ్ వైట్ పెట్టి తీయడం సంగతి. జేపెగ్‌లో తీస్తే రంగు శాశ్వతంగా పోతుంది, తువ్వాలును పొలాన్ని విడదీసే దారి అక్కడితో మూసుకుపోతుంది. కానీ రా పెట్టుకుని మోనోక్రోమ్ మోడ్ ఆన్ చేస్తే కెమెరా స్క్రీన్ మీద బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, ఫైల్‌లో రంగంతా భద్రంగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఇది చాలా మంచి అలవాటు, రంగుల గోల లేకుండా వెలుగు ఎటు నుంచి పడుతుందో కన్ను పట్టడం మొదలెడుతుంది.

ప్రతి ఫోటోనూ మార్చాలని కూడా లేదు. మా చీమకుర్తి వైపు గెలాక్సీ గ్రానైట్ తెలుసు కదా, నల్ల రాయిలో బంగారు రంగు మెరుపులు. ఒక వ్యాపారి పలకల ఫోటోలు 'క్లాస్‌గా ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్ చెయ్' అన్నాడు. చేసి చూపించాను, బంగారు మెరుపులు తెల్ల చుక్కలై రాయి మీద దుమ్ము పడినట్టుంది. ఆయనే రంగులో ఇచ్చేయమన్నాడు. దీనికి తిరగేసి నెల్లూరు రొట్టెల పండగ. స్వర్ణాల చెరువులో జనం, ఒకరి పక్కన ఒకరు రంగు చొక్కాలు, మెరుపు చీరలు, ప్లాస్టిక్ కవర్లు, వెనక ఫ్లెక్సీలు, రంగులో చూస్తే కన్ను ఎక్కడా నిలబడదు. అదే ఫోటో బ్లాక్ అండ్ వైట్ చేసి, రొట్టె రంగు ఉండే నారింజ, పసుపులను కాస్త పైకి తెస్తే రెండు తడి చేతుల మధ్య మారుతున్న రొట్టె దగ్గరే చూపు ఆగుతుంది. రంగు తీసేశాక చూడ్డానికి ఏదైనా మిగులుతుందా, రంగు ఉంటే అది మరుగున పడుతోందా, నేను ఇంతే చూస్తాను. మీ తాతయ్య ఫోటోలో మొహం ఉంది కాబట్టి చేయొచ్చు.

ప్రింట్ వేయిస్తారేమో, అక్కడా జాగ్రత్త. ల్యాబ్‌లో వేసేది రంగు పేపరు మీదే, బ్లాక్ అండ్ వైట్ ఫైల్ ఇచ్చినా మిషన్ ట్యూనింగ్ బట్టి లేత ఆకుపచ్చో, గులాబీనో తిరుగుతుంది. రంగు ఫోటోలో ఆ తేడా ఎవరూ పట్టరు, ఇందులో ఎదురుగా కనిపిస్తుంది. ఫైల్‌ను ఆర్‌జీబీలోనే, ఎస్ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో (సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే రంగుల సెట్టింగ్) ఇవ్వండి, 'ఆటో కలర్ వేయొద్దు' అని నోటితో చెప్పండి, కవరు మీద రాయండి కూడా. 12×18 అంగుళాల ప్రింట్ వేయించాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి, ఫోన్ ఫైల్ అంతకు తక్కువుంటే 8×12తో సరిపెట్టుకోండి, మొహం పిండిపిండిగా రాకుండా ఉంటుంది. మొదట 4×6 ఒకటి వేయించి ఇంట్లో, ఆ ఫోటో తగిలించబోయే గోడ దగ్గరే పెట్టి చూడండి. స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు, కాబట్టి ఫోన్‌లో సరిగ్గా ఉన్నది ప్రింట్‌లో ముదురుగానే వస్తుంది. తువ్వాలు మడతలు కనపడకుండా పూడిపోతే ఎరుపును మైనస్ 40 నుంచి మైనస్ 25కి తెచ్చి ఇంకో 4×6 వేయించండి. పెద్దది ఆ తర్వాత.